సెన్సార్ పీకినా పోని చలి

దయ్యాల కబుర్లు ఎవరైనా ఎత్తితే పని ఉందని లేచి వచ్చేవాణ్ణి. సోమందేపల్లెలో హైవే పక్కన కార్ల వైరింగ్, ఏసీ పని చేస్తాను. కారులో ఏ తప్పున్నా మీటరుకు దొరక్కపోదని నా నమ్మకం.

మా చిన్నాన్న కొడుకు ఓబులేసు టాక్సీ నడుపుతాడు. మొన్న ఎండాకాలంలో, ఏసీ వేస్తే వేడిగాలి కొడుతోందని కారు తెచ్చాడు. గ్యాస్ సరిపడా ఉంది, కంప్రెసర్ తిరుగుతోంది. స్కానర్ తగిలించి చూశాను. మిట్టమధ్యాహ్నం, సీటు మీద చెయ్యి పెట్టలేం. కారు లోపలి వేడిని కొలిచే సెన్సార్ మాత్రం పన్నెండు డిగ్రీలు అంటోంది. లోపల చలిగా ఉందనుకుని కారు తనంతట తానే వేడిగాలి వదులుతోంది.

సెన్సార్ విప్పి మీటరు పెట్టాను. బాగానే ఉంది. వైర్లు ఎక్కడా తెగలేదు, ఎర్త్ సరిగ్గా ఉంది. ఏం తోచక మళ్లీ స్కానర్ వైపు చూశాను. సెన్సార్ నా అరచేతిలో ఉంది, ప్లగ్గు ఊడి వేలాడుతోంది. అయినా పన్నెండే.

అలా పీకితే వెంటనే తప్పు చూపించాలి. తర్వాత అదే రకం కార్లలో పీకి చూశాను, చూపించింది.

నా ముఖం చూసి ఓబులేసు వెనక సీటు వైపు తిరిగాడు. అప్పుడు చెప్పాడు. అనంతపురంలో ఆసుపత్రి నుంచి ఒక పెద్దాయనను కంబదూరుకు తీసుకెళ్తుంటే, చలి పెడుతోంది, ఏసీ ఆపమని ఆయన దారిపొడుగునా అడిగాడట. ఎండకు తాళలేక వీడు ఆపలేదు. ఊరు చేరేసరికి ఆయన ప్రాణం లేదు. చివర్లో ఏమైనా అన్నాడా అని ఇంటి దగ్గరున్న ఆయన భార్య అడిగితే, నిద్రపోయాడని చెప్పి వచ్చేశాడు.

ఓబులేసు కళ్లు మూసుకుని ఖాళీ సీటుకు చేతులు జోడించాడు.

“పెద్దాయనా, నాది తప్పయిపోయింది. కంబదూరికి పోయి ఆయమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్తా.”

స్కానర్‌లో పన్నెండు పోయింది. సెన్సార్ ప్లగ్గు ఊడిందని తప్పు చూపించింది.

సెన్సార్ బిగించి ఏసీ వేశాను. చల్లగాలి వచ్చింది. ఓబులేసు జోడించిన చేతులు ఇంకా దించలేదు.

“ఏమైండెన్నా దీనికి?”

వాడి అవస్థ చూడలేక నోటికొచ్చింది చెప్పాను. “ఎలుక వైరు కొరికిండాదప్పా. అతికించినా. ఇంకేం లేదు.”

వాడు గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు.

కంబదూరు మాత్రం వెళ్లలేదు. ఎందుకు పోలేదని కొన్నాళ్లకు అడిగాను. “ఎలుక చేసిన పనికి ఆయమ్మను మళ్లీ ఏడిపించేదెందుకన్నా?” అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.

ఆ కారు మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. ఆ చలి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఓబులేసు మాట నమ్మి ఆయన దిగి వెళ్లిపోయాడేమో అనిపిస్తుంది. ఆ మాట నిలబడకుండా చేసింది నేనే.