పెద్దబాపు కుప్పలో మా బియ్యం

క్రిస్మస్‌కి వరంగల్ వెళ్తే ఏం చూడాలని అడుగుతుంటారు. కోటకు దారి ఎవరైనా చెబుతారు. నేను మాత్రం ఎనభైల మొదట్లో, చిన్నపిల్లగా, ఒక బియ్యం సంచి వెంట చేసిన ప్రయాణం గురించి చెబుతాను.

మా నాన్నను మేం బాపు అనేవాళ్ళం, ఆయన అన్నను పెద్దబాపు. ఇద్దరూ కొత్తవాడలో ఒకే మగ్గం మీద జంపఖానాలు నేసేవారు. పక్కపక్కన ఇద్దరు కూర్చుంటే తప్ప సాగని వెడల్పు మగ్గం అది. బెల్లంపల్లి బొగ్గుబావిలో నౌకరీ దొరకగానే బాపు అన్నకు చెప్పకుండా, నేత సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మాటల్లేవు, కలిసి పండుగ లేదు. ఆ డిసెంబరులో, పెద్దబాపు దగ్గరే ఉండే మా నాయనమ్మ కబురు పంపింది: "బియ్యం పట్టుకొని రమ్మను."

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. క్రిస్మస్ నాడు ప్రతి కుటుంబం తమ ఇంటి బియ్యం తెచ్చి ఒకే కుప్పలో పోయాలి. పోసినవాళ్ళే ఇంటివాళ్ళు. "అన్న మన బియ్యం పోయనిస్తడో లేదో" అంటూ బాపు సరిగా తిండి కూడా తినలేదు.

తెల్లవారకముందే బెల్లంపల్లిలో ప్యాసింజరెక్కాం. కిటికీ అవతల మంచులో చెట్లు, స్టేషన్లు మెల్లగా కరిగిపోతుంటే, నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో తెలియలేదు. పొద్దెక్కాక కాజీపేటలో దిగి, బస్సులో వరంగల్ చేరి, అక్కడ రిక్షా మాట్లాడుకున్నాం.

"రెండు రూపాలియ్యి సారూ. మూట బరువున్నది."

"బియ్యమే. పండుగకు" అన్నాడు బాపు.

"బియ్యం మీరే మోసుకపోతాన్రా? గిదేం సుట్టరికం!" రిక్షా అతను దారంతా నవ్వుతూనే ఉన్నాడు. బాపు నవ్వలేదు.

కొత్తవాడ సందులో మగ్గాల చప్పుడు లేదు. చూరుకు వేలాడే రంగుకాగితాల నక్షత్రం గాలికి తిరుగుతుంటే, వాకిలంతా ఎరుపు, పచ్చ నీడలు ఈదుతున్నాయి. చర్చి నుంచి అప్పుడే వచ్చిన మేనత్తలు, బాబాయిలు, లెక్కలేనంత మంది పిల్లలు, మసాలా వేగుతున్న వాసన. ఆ ఇంట్లోనే ఉండిపోవాలనిపించింది నాకు. వాకిట్లో ఒక జంపఖానా పరిచి బియ్యం కుప్ప పోస్తున్నారు. దాని చారలు సగం దాకా సూటిగా ఉన్నాయి, ఆ తర్వాత వంకరపోయాయి. బాపు అక్కడే ఆగిపోయాడు. తను వదిలేసిన నేతను పెద్దబాపు అటూ ఇటూ తిరుగుతూ ఒక్కడే పూర్తి చేశాడు.

"వందనాలన్నా."

పొయ్యి దగ్గరున్న పెద్దబాపు తలెత్తకుండా గంటె తిప్పుతూనే ఉన్నాడు. ధర్మసాగర్ నుంచి వచ్చిన మేనత్త కొత్త బియ్యం పోసింది. మా వంతు వచ్చింది. బాపు సంచి మూతి విప్పలేక నసిగాడు. "మాయి పాత బియ్యమన్నా. కొత్త బియ్యంల కలిస్తే ఉడకక పలుకుంటది. యేరుగ వండుకుంటం తియ్యి."

పెద్దబాపు గంటె విసిరికొట్టి వచ్చాడు. "ఇంకా యేరేనారా? గిన్నేండ్లు యేరున్నది సాలదా?" సంచి లాక్కుని కుప్పలో గుమ్మరించాడు. తర్వాత జంపఖానా ఒక కొస పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "నిలబడి సూస్తవేంది? ఆ కొస పట్టు."

ఇద్దరూ చెరో కొస పట్టి బియ్యాన్ని కడిగే గంగాళంలోకి వంచారు. బాపు కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నాయనమ్మే కొంగుతో తుడిచింది.

అన్నం సగం ముద్ద, సగం పలుకు. అయినా అందరూ మటన్ కూర కలుపుకుని రెండోసారి వడ్డించుకున్నారు. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, మంచి వంటలే తిన్నాను. మధ్యాహ్నపు ఎండలో, ఆ వంకర చారల మీద అందరి మోకాళ్ళూ తగులుతూ తిన్న తిండి మాత్రం ఇంకెక్కడా దొరకలేదు. ఇప్పటికీ డిసెంబరు వస్తే మనసు అక్కడికే పోతుంది.

వెళ్ళేవారికి ఒక సలహా. పాత బియ్యం, కొత్త బియ్యం కలిపి వండాల్సి వస్తే, పాతవి వేరుగా ముందే నానబెట్టండి. ఈ కిటుకు పెద్దబాపుకూ తెలుసు. మరి ఆ రోజు ఎందుకు నానబెట్టలేదని చాలా ఏళ్ళ తర్వాత అడిగాను.

"మళ్ల యేరు చేసుడేనా బిడ్డా?" అన్నాడు.