లారీ ముందుకొచ్చిన మేఘం

తొంభైల్లో మాట. రాయపూర్ శివారు ఉర్లాలో వంటగ్యాస్ సిలిండర్లు నింపే ప్లాంటుకి లారీ తోలేవాణ్ణి. ఎనిమిదిలోనే బడికి దణ్ణం పెట్టిన నాకు సేఫ్టీ ఆఫీసరు మూర్తిగారి క్లాసంటే మంచి కాలక్షేపం.

"గ్యాస్ లీకైతే వేపర్ క్లౌడ్ కమ్ముతుంది" అన్నారాయన ఓ వేసవి పొద్దున.

"ఆ మేఘాన్ని గుఢియారీలో మా ఇంటిమీదకి పంపండి సార్, నీళ్లకి కటకటగా ఉంది" అన్నాను. అందరూ గొల్లుమన్నారు.

ఆ మధ్యాహ్నమే ప్లాంటులో గ్యాస్ దించుతున్న ట్యాంకరు గొట్టం ఊడింది. బుస్సుమంటూ తెల్లటి మంచు నేలమీద పాకుతూ నా లారీవైపు వచ్చింది. బండి తీసుకుని పారిపోదామని ఎక్కి తాళంచెవి పెట్టాను.

"తిప్పకురా! నిప్పురవ్వ పుడితే అందరం పోతాం! దిగి గాలికి ఎదురు నడు!" మూర్తిగారి కేక.

దిగి నడిచాను. వాల్వు కట్టేశారు, నీళ్లు చిమ్మారు. మంచు విడిపోయింది.

"అది నా లారీని ముట్టుకోనేలేదు కదా సార్, తిప్పితే ఏటయ్యేది?" అనడిగాను.

"తెల్లగా కనబడింది గాల్లో తేమరా, బయటికొచ్చే గ్యాస్ చల్లదనానికి అలా అయింది. గ్యాస్ కంటికి కనబడదు. నువ్వు దిగాక గ్యాస్ పసిగట్టే మీటరు పెట్టి చూశాను. మంచుకంటే ముందే నీ లారీ కిందకి చేరింది."

జోకులు ఇప్పటికీ వేస్తాను. వేపర్ క్లౌడ్ అన్న మాట వింటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.