ఆంటీ గొంతు రికార్డు చేసిన వారం

బెంగళూరు పక్కన హెబ్బగోడిలో నేను అద్దెకున్న గది మేడ మీద ఉండేది. కింద ఇంటివాళ్ళు, భార్యాభర్తలిద్దరే. ఆమె నర్సరీ బడిలో టీచరుగా చేసి మానేసింది. ఆయన రేకులు వంచే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ చప్పుళ్ళకు రెండు చెవులూ దెబ్బతిని, చెవిమిషను పెట్టుకునేవాడు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో రాయలసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను వాళ్ళను ఆంటీ, అంకుల్ అనేవాణ్ణి.

ఆఫీసు పని అయ్యాక కథలు చదివి రికార్డు చేయడం నాకు అలవాటు. ల్యాప్‌టాప్‌లోని మైకుతో చేస్తే గొంతు వెనక ఎప్పుడూ సన్నటి బుస వినిపించేది. అందుకని బయటినుంచి తగిలించే చిన్న సౌండ్ కార్డు కొన్నాను. జేబులో పట్టే ఇనుప పెట్టె అది. ఒకవైపు మంచి మైకు తగిలించుకోవచ్చు, ఇంకోవైపు వైరు ల్యాప్‌టాప్‌కు పోతుంది. దానితో మొదటిసారి నా గొంతు విన్నప్పుడు ఊపిరి తీసుకోవడం కూడా స్పష్టంగా వినబడి ఆశ్చర్యపోయాను.

ఒక శనివారం పొద్దున ఆంటీ మెట్లెక్కి పైకి వచ్చింది. కొన్ని నెలలుగా ఆమె గొంతు బొంగురుగా ఉంటోంది. జలుబేమో అనుకున్నాం.

"నువ్వు చదివేది కిందికి వినిపిస్తాదప్పా. నా గొంతు కూడా దాంట్లో పట్టి పెడతావా?"

"తప్పకుండా ఆంటీ. పాటలు పాడతారా?" అన్నాను. ఆదివారాలు తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే.

"పాటలు కాదు. గొంతులో గడ్డ ఉండాది. వచ్చే శుక్రవారం ఆపరేషను. స్వరపేటిక మొత్తం తీసేస్తారంట. మళ్ళా ఈ గొంతు రాదు."

రేపు బడికి సెలవని పిల్లలకు చెప్పినట్టు చెప్పింది.  ఆ వెంటనే ఒక నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. అందులో పేజీల నిండా మాటలున్నాయి. 'రీ, ఇట్ల రాండి.' 'మాత్ర వేసుకుంటిరా?' 'గ్యాస్ ఆపినారా?' 'ఎవరప్పా అది?' 'నొప్పిగా ఉండాది.' 'వద్దు.' 'సాకు.' కన్నడ ఇళ్ళలో భర్తను పిలిచినట్టే ఆమె కూడా ఆయన్ని 'రీ' అని పిలిచేది. 'చాలు' అనడానికి కూడా కన్నడంలో 'సాకు' అనేది. అట్లాంటివి నూటికి పైగా ఉన్నాయి.

"ఇవన్నీ రాసి చూపించవచ్చు కదా ఆంటీ. పాటలో, మీ చిన్నప్పటి సంగతులో చెప్పండి, అవి ఉండిపోతాయి."

"ఆయన వంటింట్లో ఉంటే, నేను హాల్లోనుంచి కాగితం ఎట్ల చూపించేది? పిలిచేదానికి కాగితం పనికి రాదప్పా. పాటంటావా, చర్చిలో అందరూ పాడతారు. నేను పాడకపోతే ఆగేది కాదు."

గొంతు అంటే దాచుకోవలసిన జ్ఞాపకమని నేననుకున్నాను. ఆమెకు అది వంటింట్లో అట్లకాడ లాంటిది. పొద్దున లేస్తే చేతిలో ఉండాలి.

ఆదివారం ప్రార్థన ముగిశాక మొదలుపెట్టాం. కింద సామాన్ల గదిలో కిటికీకి దుప్పట్లు కట్టాను. ఫ్యాను ఆపాం. బయట కంపెనీ బస్సు పోయినప్పుడల్లా ఆగి, మళ్ళీ చెప్పించాను. ఆమె ప్రతి మాటా రెండుసార్లు చెప్పింది, మధ్యలో వేడినీళ్ళు తాగింది. ఒకసారి నా కాలు తగిలి ల్యాప్‌టాప్‌లోంచి సౌండ్ కార్డు వైరు ఊడింది. వెంటనే పెట్టేశాను. హెడ్‌ఫోన్లలో ఆమె గొంతు ముందులాగే చక్కగా వినిపిస్తోంది. నోటుబుక్కు పూర్తయ్యేసరికి ఆమె ముఖం వాడిపోయింది.

సాయంత్రం పైన కూర్చుని విన్నాను. మొదటి పది మాటలు అద్దంలా ఉన్నాయి. తర్వాత అన్నిట్లో బుస, దూరం, ఆమె గొంతు కంటే నా కుర్చీ కిర్రుమనడం ఎక్కువ. వైరు ఊడినప్పుడు ల్యాప్‌టాప్ తనంతట తాను సొంత మైకుకు మారిపోయింది. వైరు మళ్ళీ పెట్టినా వెనక్కి రాలేదు. హెడ్‌ఫోన్లు మాత్రం సౌండ్ కార్డులోనే ఉండటంతో, దానికి తగిలించిన మైకు నేరుగా వాటిలో వినబడింది. నేను విన్నది ఒకటి, రికార్డయింది ఇంకొకటి.

బుస తీసేసే సాఫ్ట్‌వేర్లు వాడి చూశాను. బుస పోయింది, దానితో పాటు గొంతూ నీళ్ళలో మాట్లాడినట్టయింది. ఈ మాత్రం చాలదా, చెప్పకుండా ఇచ్చేస్తే ఏమవుతుంది అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సోమవారం పొద్దున కిందికి పోయి చెప్పాను. ఆమె చేతిలో పని పక్కన పెట్టింది.

"ముందు ఒక మాట పట్టి, విని, బాగుంటేనే కదా ముందుకు పొయ్యేది? పిల్లోళ్ళకు పలక ఇచ్చేటప్పుడు కూడా నేను బలపంతో ఒక గీత గీసి చూస్తాంటి."

"తప్పు నాదే ఆంటీ."

"నీదే. మళ్ళా ఎప్పుడు చేస్తావు?"

కానీ ఆదివారం శ్రమకు గొంతు ఇంకా లోపలికి పోయింది. రెండు రోజులు ఆమెను మాట్లాడవద్దన్నాను. ఆ రెండు రోజులూ భార్యాభర్తలు నోటుబుక్కు ముందేసుకుని మాటలు కొట్టేస్తూ పోయారు. చివరికి నలభై మిగిలాయి.

బుధవారం పొద్దున ఆఫీసుకు సెలవు పెట్టాను. 'రీ, ఇట్ల రాండి' అన్న మాట ఒక్కటే రికార్డు చేసి, అంకుల్‌ని వంటింట్లో నిలబెట్టాం. మొదట ఆదివారం వైరు ఊడాక రికార్డయినది ఫోన్లో వేశాను. ఆయన కదల్లేదు. "ఏందో గాలి వచ్చినట్టుండాది," అన్నాడు. తర్వాత కొత్తది వేశాను.

"వస్తాండా," అంటూ హాల్లోకి వచ్చేశాడు. వచ్చాక ఫోను చూసి అక్కడే నిలబడిపోయాడు.

నలభై మాటలూ అయ్యాక ఆయన తలుపు దగ్గరికి వచ్చి, "కోప్పడేది ఒకటి పెట్టు," అన్నాడు.

"ఊరికే ఎట్ల కోపమొస్తాది?" అందామె.

"చెవిమిషను తీసి యాడ పెట్టినానో తెలీడంలేదు."

"మళ్ళానా! తలకాయ కూడా తీసి యాడన్నా పెట్టేస్తారు మీరు!" బొంగురు గొంతుతోనే అరిచింది. ఆయన చొక్కా జేబులోంచి మిషను తీసి చూపించాడు. ఆమె నవ్వింది, దగ్గింది. ఆ అరుపు వరకు ఉంచి, మిగతాది కత్తిరించాను. అది నలభై ఒకటోది.

ఆపరేషను బాగా జరిగింది. ఇంటికి వచ్చేసరికి ఆమె ఫోన్లో ఒక్కో మాటకు ఒక్కో పెద్ద బొత్తాం ఉండేటట్టు అమర్చి పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఆయన్ని పిలవాలంటే స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టేది. రెండు వారాలు ఆ చప్పుడే విన్నాను. నాకు లోపల కష్టమనిపించింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

ఆమె పలక మీద రాసింది: 'అది విననీకి ధైర్యం చాలడంలేదు. కొన్నాళ్ళు ఉండనీ.'

అడిగినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. నేను రికార్డు నాణ్యత గురించి అంత ఆలోచించాను గానీ, పోయిన తన గొంతు అంత స్పష్టంగా వినిపిస్తే ఆమెకు ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నెల దాటాక, మధ్యాహ్నం ఇంటినుంచే పనిచేస్తున్నాను. కిందినుంచి "గ్యాస్ ఆపినారా?" అని వినిపించింది. వెంటనే ఆయన, "ఆపినా, ఆపినా," అన్నాడు. 

తర్వాత ఆమెకు మాట నేర్పించే థెరపీ మొదలైంది. గొంతు దగ్గర చిన్న కవాటం లాంటిది అమర్చారు. ఊపిరి కోసం మెడ మీద పెట్టిన రంధ్రాన్ని వేలితో మూసి, గాలిని పైకి పంపి మాట్లాడటం నేర్చుకుంది. గరగరలాడే లోతైన గొంతు అది. ఫోను వాడకం తగ్గిపోయింది. గేటు దగ్గర కొత్తవాళ్ళెవరైనా పిలిస్తే మాత్రం 'ఎవరప్పా అది?' నొక్కుతుంది. అరుపు బొత్తాం అంకులే అప్పుడప్పుడు నొక్కి నవ్వుకుంటాడు.

ఈమధ్య ఆమె మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. కూర్చుని, ఊపిరి తీసుకుని, వేలు గొంతు మీద పెట్టి, "ఇది కూడా పట్టప్పా. ఇదీ నాదే కదా," అంది.

ఏం చదువుతారని అడిగితే నా బల్ల మీది కథల పుస్తకం తెరిచింది. మైకు లెవల్ బాగా పెంచాల్సి వచ్చింది. వాక్యానికొకసారి ఆగుతూ చదివింది. నాలుగు పేజీలయ్యేసరికి అలసిపోయి, మిగతాది వచ్చే ఆదివారమని చేత్తో సైగ చేసి కిందికి వెళ్ళింది.