గట్క తిని తగ్గానన్నాను

ఒక్క అబద్ధంతో మా వదినను ఆసుపత్రి మంచం ఎక్కించిన ఘనత నాది. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లోవాళ్లు ఇంకా ఆపలేదు.

బరువు తగ్గడానికి హైదరాబాద్‌లో కడుపు ఆపరేషన్ చేయించుకున్నాను. కోరుట్లలో ఎవరికీ చెప్పలేదు. మోకాలు మార్పించుకుంటే పండ్లు పట్టుకుని చూడ్డానికి వస్తారు. కడుపు చిన్నది చేయించుకుంటే మాత్రం "నోరు కట్టుకోరాదా?" అంటారు. మా ఆయనైతే "ఎవ్వలకు చెప్పకు, ఇజ్జత్ పోతది" అన్నారు. లావుగా ఉన్నప్పుడు పోని ఇజ్జత్ తగ్గాక ఎందుకు పోతుందో ఆయన్నే అడగాలి!

నేను సగానికి సగం తగ్గాక సిరిసిల్లలో బంధువుల పెండ్లి. బంధువులంతా పెండ్లికూతురిని వదిలేసి నన్ను చూడటం మొదలుపెట్టారు. జగిత్యాల నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, సుజాత వదిన, నా చెయ్యి పట్టుకుంది.

"స్వరూపా, నువ్వేనా? ఏం తిన్నవే?"

"జొన్నరవ్వ ఉడకేసిన గట్క వదినా. పొద్దుగాల, మాపటికి."

"గంతేనా?"

"గంతే. మన చేతులనే ఉంటది. జర నోరు కట్టుకోవాలె."

ఆ చివరి మాట అవసరమా, చెప్పండి? ఇన్నేళ్లూ నన్ను పొడిచిన మాటతోనే ఆవిడను పొడిచాను.

నెల తిరక్కముందే ఫోన్. వదిన వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. జగిత్యాల ఆసుపత్రికి పరుగెత్తాం. వదినకు సెలైన్ ఎక్కుతోంది, డాక్టరమ్మ కోపంగా ఉంది.

"షుగర్ గోలీలేసుకుంట రెండు చెంచాల గట్కతోని బతుకుతరా? ఎవలు చెప్పిన్రు?"

ఇంటిల్లిపాదీ నావైపు తిరిగారు. మా ఆయన నన్ను కాపాడబోయారు. "గట్క మంచిదే గద మేడం..."

"గట్క లేదు, గిట్క లేదు! నేను ఆపరేషన్ చేపిచ్చుకున్న!" అని అరిచాను. పక్క మంచం ముసలావిడ కూడా లేచి కూర్చుంది.

"కడుపు ఆపరేషనా?" అంది వదిన.

"ఆఁ."

ఇక తిట్లే అని తల వంచుకున్నాను. వదిన సెలైన్ లేని చేత్తో నా భుజం మీద ఒక్కటి చరిచింది.

"నాకు గూడ డాక్టర్లు గదే చెప్పిన్రే! స్వరూప ఉత్త గట్కతోని తగ్గింది, నేను కోయించుకుంటే నలుగురు నవ్వుతరని వద్దన్న!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆసుపత్రిలో ఉన్న దేవుళ్ల క్యాలెండర్లన్నిటి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక ఎవరడిగినా, అడక్కపోయినా, ఆపరేషన్ అనే చెబుతాను. మా ఆయన ఇజ్జత్ సంగతి ఆయనే చూసుకుంటారు.

అందరూ బయటికి వెళ్లాక వదిన గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు. బాగ నొస్తదా?"

"నొస్తది వదినా," అన్నాను. "నేను తోడొస్త."