సరిహద్దు దాటిన మేనేజరుగారి కుక్క

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో అమెరికాలో నేను భయపడని వస్తువంటూ లేదు. వెనక పోలీసు కారు కనబడితే భయం, కనబడకపోతే ఎక్కడ నక్కి ఉందోనని భయం. ఆఫీసులో ఎవరైనా "ఒక్క నిమిషం మాట్లాడాలి" అంటే, ఆ నిమిషం లోపలే మనసులో సామాన్లన్నీ సర్దేసుకుని రాజమండ్రి స్టేషన్లో దిగిపోయేదాన్ని. వీసా మీద ఉన్నవాళ్ళం కదా, తప్పు చేస్తే పంపించేస్తారు అన్న మాట బుర్రలో ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతూ ఉండేది. ఏ తప్పుకి ఎవరు పంపిస్తారో మాత్రం సరిగ్గా తెలియదు. అందుకని అన్ని తప్పులకీ, అందరికీ సమానంగా భయపడేదాన్ని.

మేమప్పుడు మిషిగన్‌లో, నోవై అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా మేనేజరు పొడుగాటి మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. అసలు మాటే అనడు. (అరిచేవాళ్ళయితే కోపం ఎంతుందో తెలుస్తుంది. మాట్లాడని మనిషి దగ్గర మనమే ఊహించుకోవాలి, నా ఊహ ఎప్పుడూ ఉద్యోగం ఊడేదాకా వెళ్ళి గానీ ఆగేది కాదు.) ఆయనకి నేను మౌనస్వామి అని పేరు పెట్టుకున్నాను. ఆ మౌనస్వామి ఒక గురువారం నా టేబులు దగ్గరికొచ్చి, వాళ్ళ బంధువుల పెళ్ళికి వేరే రాష్ట్రం వెళ్తున్నామనీ, కుక్కని చూసుకునే మనిషికి జబ్బు చేసిందనీ, రెండు రోజులు మా ఇంట్లో ఉంచుకోగలవా అనీ అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక నేను కుక్కని ముట్టుకోలేదు. ఆ శనివారమే మేము నయాగరా జలపాతం చూడటానికి కెనడా వెళ్ళాలి, వీసాలు తెచ్చుకున్నాం, హోటల్ బుక్ చేశాం, ఊరినుంచి వచ్చిన మా అత్తమ్మ ఆ పై వారమే తిరుగు ప్రయాణం. ఇవన్నీ చెప్పాలని నోరు తెరిచాను. "తప్పకుండా సార్, నాకు కుక్కలంటే ప్రాణం" అని వచ్చింది బయటికి.

శుక్రవారం సాయంత్రం కుక్క వచ్చింది. పేరు వాల్టర్. దూడంత ఉంది, గోధుమ రంగు బొచ్చు. దాంతోపాటు టీకా కాగితాలున్న ఫైలు కూడా ఇచ్చి వెళ్ళాడాయన. మా అత్తమ్మ వరంగల్ మనిషి, కుక్క గుమ్మంలోకి రాగానే సోఫా ఎక్కి నిలబడింది.

"గిదేందిరా, గిది కుక్కనా గుర్రమా?"

"అమ్మా, అది ఏమనదు. దిగు" అన్నాడు మా ఆయన.

"దాన్ని దిగుమను, నేను దిగను" అంది అత్తమ్మ. (కుక్క అప్పటికి ఆవిడ పక్కనే సోఫా ఎక్కేసింది. ఇంట్లో ముగ్గురం ఉండగా దానికి నచ్చింది ఆవిడ ఒక్కతే.)

"మేనేజర్‌కి మెసేజ్ చెయ్యి, కెనడా తీసుకెళ్తున్నామని. సింపుల్" అన్నాడు మా ఆయన. ఆ సింపుల్ మెసేజిని నేను ఐదుసార్లు టైప్ చేసి ఐదుసార్లు చెరిపేశాను. పెళ్ళిలో ఉన్న మనిషిని కదిలించడం దేనికి, ఆయన వద్దంటే అత్తమ్మకి నయాగరా ఎలా చూపించడం, అసలు ముందే ఎందుకు చెప్పలేదంటే ఏమనడం? ఆలోచిస్తుండగానే తెల్లారింది, కారు బయల్దేరింది. వెనక సీట్లో కిటికీకి అతుక్కుని అత్తమ్మ, ఆవిడకి అతుక్కుని వాల్టర్.

డిట్రాయిట్ వంతెన దాటగానే కెనడా ఆఫీసరు పాస్‌పోర్టులు చూసి, కుక్క ఎవరిదని అడిగాడు. "మాదే" అన్నాడు మా ఆయన తడుముకోకుండా. నా చేతిలో ఉన్న ఫైలు మీద మౌనస్వామి పేరు అరచెయ్యంత అక్షరాలతో ఉంది. ఆ పేరు మీద బొటనవేలు పెట్టి, వేలు చాలక మొత్తం చెయ్యి పెట్టి, టీకా తేదీ మాత్రం కనబడేలా చూపించాను. ఆయన వెళ్ళమన్నాడు. పది మైళ్ళు వెళ్ళాక గానీ నాకు ఊపిరి అందలేదు. "ఎందుకలా చెప్పావు? అబద్ధం చెప్పినట్టు కంప్యూటర్లో రాసుకుని ఉంటారు" అన్నాను. "కుక్క గురించి ఎవరు రాసుకుంటరు?" అన్నాడు. రాసుకుంటారని నాకు గట్టి నమ్మకం. తిరుగు ప్రయాణంలో ఆపేస్తారు, కుక్కల దొంగలమని తేలుస్తారు, అత్తమ్మ విమానం తప్పిపోతుంది. దారిలో గంటకోసారి కారు ఆపించి వాల్టర్‌కి నీళ్ళు పట్టాను, నడిపించాను. ఎలాగూ జైలు తప్పదు, కుక్క ఆరోగ్యమైనా బాగుండాలి.

నయాగరా ఎలా ఉందని ఇప్పటికీ ఎవరైనా అడిగితే తడబడతాను. నేను చూసింది కుక్కని. వాల్టర్‌ని కట్టిన పట్టీ మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని నిలబడ్డాను. మా ఆయన ఫొటో తీస్తానని, చెయ్యి కిందికి దించమనీ, పట్టీ కనబడకుండా పట్టుకోమనీ అన్నాడు. చుట్లు విప్పాను. అదే సమయానికి గాలి తిరిగి, జలపాతం తుంపర బకెట్టుతో కొట్టినట్టు మొహం మీద పడింది. కళ్ళు తుడుచుకుని చూస్తే చేతిలో పట్టీ లేదు, జనంలో వాల్టర్ లేడు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు చెప్పడానికి నవ్వుగానే ఉంటాయి గానీ, అప్పుడు మాత్రం నవ్వు కాదు. ఒక పక్క మనుషుల మంద, ఇంకో పక్క రోడ్డు, మూడో పక్క ఇనుప కడ్డీల అవతల ఆ నీళ్ళు. కడ్డీల మధ్య సందు చూశాను. కుక్క పడుతుందా పట్టదా అని కొలిచాను. కింద తెల్లగా మరుగుతున్న నీళ్ళలోకి చూసి, గోధుమ రంగు ఏదైనా కనబడుతుందేమోనని వెతికాను. ఆ క్షణంలో వీసా గుర్తు లేదు, ఉద్యోగం గుర్తు లేదు. పొద్దున కారులో వెనక సీట్లోంచి నా భుజం మీద గడ్డం ఆనించి నిద్రపోయిన ఆ కుక్క ఒక్కటే గుర్తుంది. మా ఆయన రోడ్డు వైపు పరిగెత్తాడు. నేను కడ్డీలు పట్టుకుని నిలబడిపోయాను, కాళ్ళు కదల్లేదు.

కదిలింది అత్తమ్మ. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపి, ఆ జనం మధ్యలోకి నడుస్తూ, గొంతెత్తి పిలవడం మొదలుపెట్టింది. ఆవిడకి వాల్టర్ అన్న పేరు నోరు తిరగదు.

"వాటరూ! ఓ వాటరూ! ఏడున్నవురా వాటరూ!"

జలపాతం ముందు నిలబడి ఒక పెద్దావిడ నీళ్ళూ నీళ్ళూ అని అరుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకోవాలి? కొందరు నవ్వి, అవునవును, ఎంత నీరో అన్నట్టు తలూపారు. ఒక తల్లి కంగారుగా నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చింది. అత్తమ్మ ఆ సీసా తీసుకుని, అది ఎత్తి ఊపుతూ ఇంకా గట్టిగా పిలిచింది. ఐస్‌క్రీమ్ బండి దగ్గర వరస ఒక్కసారి రెండుగా చీలింది. అందులోంచి మూతినిండా తెల్లటి క్రీముతో వాల్టర్ పరిగెత్తుకుంటూ వచ్చి, రెండు కాళ్ళూ ఆవిడ భుజాల మీద వేసింది. నిన్నటిదాకా సోఫా ఎక్కి నిలబడ్డ మనిషి ఆ తడి నేల మీద చతికిలబడి, దాని మెడ రెండు చేతులా పట్టుకుని, "పాడుమొకపోడా, పానం తీస్తివి కదరా" అని తిడుతూ ఏడ్చేసింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వంతెన మీద కార్ల వరసలో ఉన్నాం. "నువ్వేం మాట్లాడకు, నేను చెప్త" అన్నాడు మా ఆయన. అమెరికా ఆఫీసరు కిటికీలోంచి చూసి, కుక్క ఎవరిదన్నాడు. మా ఆయన నోరు తెరిచేలోపు నా నోట్లోంచి వచ్చేసింది: మా మేనేజరుది, రెండు రోజులు చూసుకోమని ఇచ్చాడు, కెనడా తెచ్చామని ఆయనకి తెలియదు. "నీ మేనేజరు కుక్కని ఆయనకి చెప్పకుండా దేశం దాటించావా?" అని ఆఫీసరు ఒక్కొక్క మాటా విడదీసి అడిగాడు. అవునన్నాను. కళ్ళు మూసుకున్నాను కూడా. ఆయన వెనక సీటు వైపు వంగి అత్తమ్మని, ఈ కుక్క మీకు తెలుసా అన్నాడు. అత్తమ్మకి ప్రశ్న అర్థం కాలేదు గానీ, కుక్క సంగతేనని అర్థమైంది. దాన్ని దగ్గరికి లాక్కుని, "మై మనవడు" అంది. ఆయన ఫైలంతా తిరగేశాడు, ఆవిడ ఒళ్ళో నిద్రపోతున్న వాల్టర్‌ని చూశాడు, నన్ను చూశాడు. ఇంటికెళ్ళగానే మీ మేనేజరుకి చెప్పు అని పంపించేశాడు.

సాయంత్రం మౌనస్వామి వచ్చాడు. గుమ్మంలోనే మొత్తం చెప్పేశాను. (మొత్తం అంటే, ఆ ఇరవై నిమిషాలు తప్ప.) ఆయన విని, "తెలుసు" అన్నాడు. ఫోను తీసి చూపించాడు. మెడ పట్టీలో చిన్న బిళ్ళ ఉందట, కుక్క ఎక్కడుంటే అక్కడ ఫోనులో చుక్క కనబడుతుందట. శనివారం పొద్దున పెళ్ళికి తయారవుతూ చూస్తే తన కుక్క వేరే దేశంలో ఉందట. వాళ్ళావిడ పోలీసులకి ఫోను చేద్దామందట. "గంటకోసారి ఆగుతున్నారు. దొంగలు కుక్కని గంటకోసారి నడిపించరని చెప్పాను" అన్నాడు. తర్వాత చుక్క మీద వేలు పెట్టి, "ఇక్కడ, జలపాతం దగ్గర, ఇరవై నిమిషాలు చుట్టూ తిరిగింది. ఏమైంది?" అన్నాడు. అదీ చెప్పాను. ఆయన ఫోను జేబులో పెట్టి, వంగి వాల్టర్ పట్టీ అందుకున్నాడు. చివరికి, "ఒక్కసారి అడగాల్సింది. నేను వద్దనేవాణ్ణి కాదు" అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు నేను ఆ ఉద్యోగంలో తినలేదు. ఇంకేమీ జరగలేదు. ఉద్యోగం ఉంది, వీసా ఉంది, అత్తమ్మ అనుకున్న రోజునే విమానమెక్కింది.

ఇప్పుడు ఆ వంతెన మీంచి ఏడాదికి మూడు నాలుగుసార్లు వెళ్తుంటాను. ఆఫీసరు అడిగినదానికి, పిల్లలు వెనక కొట్టుకుంటుంటే వాళ్ళని గదమాయిస్తూనే జవాబు చెప్పేస్తాను. ఒక్కోసారి, వరసలో ఆగినప్పుడు, అప్పటి నన్ను, ఆ పాతికేళ్ళ అమ్మాయిని, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది: అడుగమ్మా, అడిగితే ఏమవుతుంది, మహా అయితే వద్దంటారు, అంతేగా? వినదనుకోండి. నేను చెబుతున్నంతసేపూ బుద్ధిగా తలూపి, యూనిఫాం కనబడగానే సీటుబెల్టు పట్టిందో లేదో ఇంకోసారి లాగి చూసుకుంటుంది.