తగలకూడదని వేసిన గాలం

మొన్న ఆదివారం పొద్దున, మా బెర్లిన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, పాడర్‌బోర్న్‌లో చదువు ముగించుకుని కొత్తగా ఈ ఊరు చేరిన కుర్రాడెవరో, ఒడ్డున నిలబడి బార్ష్ చేపలు పట్టడానికి ఏ గాలం కొనమంటారని ఒక ప్రశ్న పడేశాడు. అంతే, పండక్కి శుభాకాంక్షలు చెబితే పలకని పెద్దమనుషులందరూ ఒక్కసారి పలికారు. పొడుగు కర్ర కొనమని ఒకాయన, పొట్టిదే మేలని ఇంకొకాయన, ఏదో షాపు లింకు పంపి చేతులు దులుపుకున్నది మరొకాయన. జన్మలో చేపను ముట్టని శాకాహారి కూడా ఒక బొటనవేలు బొమ్మ పెట్టి పుణ్యం కట్టుకున్నాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు తెలుసు. నాలుగు వాక్యాలు టైపు చేసి, చెరిపేసి, ఫోను బోర్లా పెట్టి కాఫీ తాగాను. ఆ కాఫీ కూడా సహించలేదు.

కారణం చెబుతాను. ఈ ఊళ్ళో కరివేపాకు దొరకని రోజుల్లో వచ్చి, కొత్తిమీర కట్ట కోసం రెండు రైళ్ళు మారినవాళ్ళకు, మిగతా సంగతులు చెప్పకపోయినా సగం అర్థమైపోతాయి. మా ఆవిడ నా రాతలు చదవదు, ఇరవై ఏళ్ళుగా చదవలేదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. మా అత్తగారు వాడి చిన్నతనంలోనే పోవడంతో తలంటు పొయ్యడం దగ్గర్నుంచి ఎంసెట్ ఫారం నింపడం దాకా అన్నీ ఈవిడే చూసింది, అందుకని వాడు పేరుకు తమ్ముడే గానీ లెక్కకు పెద్దకొడుకు. మేం బెర్లిన్‌లో కుదురుకున్న కొన్నాళ్ళకు వాణ్ణి కూడా ఈ దేశం రప్పించుకుంది. వాడు పాడర్‌బోర్న్‌లో కంప్యూటర్ చదువు బుద్ధిగానే పూర్తి చేశాడు, కానీ చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోమని ఇక్కడివాళ్ళు ఇచ్చే గడువు ఒకటుంటుందే, అది పొయ్యిమీద పాలలా కాచుకుని కూర్చోవాల్సిన గడువు. మా రెండు గదుల ఇంట్లో సోఫా మీద పడుకుని, లేస్తూనే ల్యాప్‌టాప్ తెరిచి, ఎక్కడెక్కడికో దరఖాస్తులు పంపేవాడు. చింతిస్తున్నామంటూ మర్యాదగా జవాబులు వచ్చేవి. గడువులోపల ఉద్యోగం రాకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. ఆ ఒక్క మాటా మా ఇంట్లో ఎవ్వరం పైకి అనేవాళ్ళం కాదు.

ఇంట్లో ఊపిరాడక కాలవగట్టున తిరుగుతుండగా వాడికి పెద్దాయన దొరికాడు. పెద్దాయనంటే మా బిల్డింగులోనే పక్క మెట్ల వైపు కాపురముండే జర్మన్ ఆయన, ఏదో కరెంటు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, భార్య పోయాక పూటలన్నీ నీళ్ళ ఒడ్డునే గడుపుతుండేవాడు. మావాడిది ఏలూరు కాలవ పక్క ఊరు, వెదురు కర్రకు దారం కట్టి, నెమలీక కాడ బెండుగా పెట్టి, వానపామును గుచ్చి కూర్చున్న బాల్యం. ఒకే రకం పిచ్చి ఉన్న ఇద్దరికి భాష పెద్ద అడ్డం కాదు. ఈ దేశంలో గాలం ముట్టుకోవాలన్నా పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకోవాలని తెలిసి మొదట నవ్వాడు, తర్వాత కూర్చుని చదివాడు, చేప మొప్పల దగ్గర్నుంచి జంతువులను హింసించకూడదన్న చట్టం దాకా అన్నీ జర్మన్‌లో బట్టీపట్టి పాసయ్యాడు. అన్నం పెట్టే పరీక్ష ఒక్కటి తప్ప అన్నీ పాసవుతున్నావురా అని నేను వేళాకోళం చేస్తే, అలా అనకండి, వాడు ఏది పాసైనా నాకు శకునమే అని మా ఆవిడ కోప్పడింది.

ఆ ఎండాకాలమంతా పెద్దాయన వాడికి పాఠం చెప్పాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు వంతెన దగ్గర సైకిల్ ఆపి వింటూ నిలబడేవాణ్ణి. ఒడ్డు మీంచి పట్టేవాడికి కర్ర తేలికగా, ఒక మనిషికన్నా కాస్త పొడుగ్గా ఉంటే చాలు, కొన మాత్రం చేప ముట్టుకుంటే చేతికి తెలిసేంత సన్నగా ఉండాలి. తాడు సన్నని అల్లిక తాడు, దాని చివర నీళ్ళలో కనబడని గాజులాంటి దారం మూరెడు. ఎర చిటికెనవేలంత రబ్బరు చేప, దాని తలలో పప్పుగింజంత సీసం. నడుమ నీళ్ళలోకి విసిరి గొప్పలు పోకూడదు, బార్ష్ అనేది గోడ వారనా, వంతెన కాళ్ళ పక్కనా, పడవలు కట్టే చోటా నక్కి ఉంటుంది గనక గోడ వెంబడే వెయ్యాలి. అడుగు తాకనిచ్చి, కర్రకున్న చక్రం రెండు చుట్లు తిప్పి ఆగితే, ఎర మళ్ళీ కిందికి జారే ఆ క్షణంలోనే చేతికి టక్కుమని తగులుతుంది. చలి ముదిరేకొద్దీ తిప్పడం నిదానించాలి. రబ్బరు నచ్చని రోజున కింద సీసపు గుండు, దానికి జానెడు పైన కొక్కానికి వానపాము. ఇదంతా మావాడి చేతికి తొందరగానే అబ్బింది. పచ్చటి ఒంటిమీద నల్లచారలు, కింద ఎర్రరెక్కలున్న ఆ చేపలు తెచ్చి ఇచ్చేవాడు, మా ఆవిడ చింతపండు పులుసు పెట్టేది, ఒక గిన్నె పెద్దాయన ఇంటికి వెళ్ళేది. కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ గిన్నె ఖాళీ చేసి పంపేవాడాయన.

పెద్దాయనకు ఒకటే నియమం. తినేవాడే పట్టాలి, పట్టినదాన్ని బాధపెట్టకుండా వెంటనే చంపాలి, సరదాకి పట్టి వదిలేసేవాడు చేపను ఆటబొమ్మ చేసిన దుర్మార్గుడు. చట్టంలోనూ ఉన్న మాటే గానీ ఆయన చట్టానికి భయపడి అనేవాడు కాదు, మనం అన్నం తొక్కితే కళ్ళకద్దుకుంటామే, అలా అనేవాడు.

ఆకులు రాలడం మొదలైంది. బార్ష్‌లన్నీ లోతు నీళ్ళున్న పాత పడవల రేవులోకి గుంపుగా చేరే కాలం అది, పెద్దాయన ఏడాదంతా ఎదురుచూసే కాలం. మనకేమో కార్తీకం. వాడి గడువు కూడా దగ్గరపడింది. మొదటి సోమవారం దీపం పెట్టి లేచి మా ఆవిడ, వాడికి ఇక్కడ ఉద్యోగం వచ్చేదాకా ఈ ఇంట్లో నీచు వండననీ, మా ఎవ్వరి చేతుల మీదుగా ఒక్క ప్రాణం పోకూడదనీ మొక్కుకుంది. విన్నారా అంది. విన్నానన్నాను. వినక చేసేదేముంది. మావాడు గాలం తీసి బాల్కనీలో మూల పెట్టాడు.

సరిగ్గా ఆ వారమే పెద్దాయన తలుపు తట్టాడు. ఆయన అల్లుడికి చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది, మనిషి కావాలట, మావాడి గురించి ఈయన అప్పటికే గట్టిగా చెప్పాడట. శనివారం అల్లుడు రేవుకు వస్తాడు, కాగితం మీద మనిషికన్నా నీళ్ళ ఒడ్డున మనిషి బాగా తెలుస్తాడు, నువ్వు గాలం తీసుకుని రా అన్నాడు. ఆయన వెళ్ళాక ముగ్గురం తలుపు దగ్గరే లెక్కలు వేశాం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రానంటే ఉద్యోగం పోతుంది, వెళ్ళి చేపను పడితే మొక్కు పోతుంది. చివరికి వాడే అన్నాడు:

"వెళ్తానక్కా. గాలం వేస్తాను గానీ చేప పడదు. నేను చూసుకుంటాను కదా."

శనివారం పొద్దున, ఉప్మా తింటూ, వాడు డబ్బా తెరిచి భోజనాల బల్ల మీద పరిచిన సరంజామా నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నేర్చుకున్న విద్యనంతా తిరగేస్తున్నాడు. సన్న తాడు పక్కన పెట్టి మొద్దు తాడు ఎక్కించాడు. చిటికెనవేలంత ఎరలన్నీ వదిలేసి, పైక్ అనే పెద్ద వేటచేపకు వాడే జానెడు రబ్బరు చేపను, ఒంటికి గులాబీరంగుతో చూడ్డానికే ఎబ్బెట్టుగా ఉన్నదాన్ని, ఏరి తీశాడు. రేవులో పైక్ లేదు, బార్ష్ దీన్ని చూస్తే పారిపోతుంది, నడుమ నీళ్ళలో వేసి పైపైన గబగబా లాగేస్తాను అన్నాడు. అసలు కొక్కెమే తీసెయ్యరాదా అన్నాను. "ఆళ్ళకి కనబడదేంటి బావా" అని నవ్వాడు. అంత జాగ్రత్తగా, అంత తెలివిగా వాడు ఏ ఇంటర్వ్యూకీ తయారవ్వలేదు. మా ఆవిడ ఇద్దరికీ విభూతి పెట్టి పంపింది, ఫ్లాస్కులో టీ పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను.

అల్లుడు మంచివాడే, నెమ్మదస్తుడు. ఒడ్డున నడుస్తూ పని గురించి అవీ ఇవీ అడిగాడు, మావాడు తడబడకుండా చెప్పాడు. ఆఫీసు గదిలో పెగలని జర్మన్ నీళ్ళ పక్కన ధారాళంగా వచ్చింది. సోమవారం ఆఫీసుకు వచ్చెయ్యి, మిగతా వాళ్ళను కలుద్దువుగాని అన్నాడు అల్లుడు. నేను ఫ్లాస్కు మూత తీసి అందరికీ టీ పోశాను. పెద్దాయన మాత్రం ఆ గులాబీ ఎర చూసి, ఇవాళ ఏమైంది నీకు అని గొణిగాడు.

ఆ మాట అంటుండగానే కర్ర వంగిపోయింది. నడుమ నీళ్ళలో, పైపైన, పరుగులు పెడుతున్న ఆ వికారపు ఎరను ఒక బార్ష్ మింగేసింది. అంత పెద్దది ఆ రేవులో పెద్దాయన కూడా చూడలేదట. చిన్నపిల్లవాడిలా గంతులేస్తూ వలతో తనే పైకి తీశాడు. చూశావా, పెద్ద ఎరకు పెద్ద చేప, మనందరికన్నా తెలివైనవాడు అని అల్లుడికి చెప్పి, చేప తలమీద కొట్టే చిన్న కర్రను మావాడి చేతిలో పెట్టాడు. గురువు శిష్యుడికి చేసే గౌరవం అది.

వాడు నా వైపు చూశాడు. చేప నోట్లోంచి కొక్కెం తీసి, నీటి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో దాన్ని నీళ్ళలో పెట్టాడు. అది కాసేపు కదలకుండా ఉండి, తోక ఒక్కసారి విదిలించి వెళ్ళిపోయింది.

పెద్దాయన నీళ్ళకేసి చూసి, మావాడి వైపు తిరిగాడు. ఎందుకు అన్నాడు. మావాడు ఇంట్లో మొక్కు గురించి, కార్తీకం గురించి తనకొచ్చిన మాటల్లో చెప్పాడు. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"తిననివాడివి ఈరోజు ఎందుకు వచ్చావు?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు అనలేదూ, అదే ప్రశ్న. దానికున్న నిజమైన జవాబు ఉద్యోగం కోసమని. ఆ మాట ఆ అల్లుడి ముందు మావాడి నోట రాలేదు. పెద్దాయన వల మడుచుకున్నాడు. నీ ఉద్యోగం కోసం ఒక ప్రాణితో ఆడుకున్నావు అన్నాడు, ఎవరూ చెప్పకుండానే గ్రహించి. అల్లుడు ఫోను చూసుకున్నాడు. ఆదివారం సాయంత్రం, సోమవారం రానక్కర్లేదని రెండు లైన్ల మెయిల్ వచ్చింది.

చేపను పెద్దాయన చేతికే ఇచ్చేసి ఉంటే పోయేది కదా అని మీకు అనిపిస్తుంది, తిరిగొచ్చే దారిలో నేనూ అదే అడిగాను. "ఆయన కొడితే మాత్రం, పట్టింది నేనే కదా బావా. అక్క మొక్కు నా గురించే కదా" అన్నాడు. ఇంటి మెట్ల దగ్గర ఆగి, అక్కతో చెప్పకు, తెలిస్తే బతకలేదు, వేరే ఎవరినో తీసుకున్నారని చెబుదాం అన్నాడు. అలాగే చెప్పాం. చలికాలం నడుమ గడువు ముగిసింది, ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి విమానం ఎక్కించి వచ్చాను. పెద్దాయన ఆ తర్వాత మెట్ల దగ్గర ఎదురుపడితే తల ఊపేవాడు, అంతకు మించి లేదు. రెండేళ్ళకు ఆయనా పోయాడు.

ఇప్పుడు ఈ ఊరు ఆ ఊరు కాదు. బొమ్మిడాయిలు, కొరమేను గడ్డకట్టించి అమ్మే తెలుగు కొట్లున్నాయి, చెరువు పక్క పార్కులో వనభోజనాలు పెడుతున్నారు, ఈ కుర్రాళ్ళకు మనకన్నా త్వరగా ఉద్యోగాలు దొరుకుతున్నాయి, దొరకనివాళ్ళు వేరే దేశం చూసుకుంటున్నారు, ఎవరూ ఒక గడువు కోసం చచ్చిపోవడం లేదు. మావాడు హైదరాబాదులో పెళ్ళి చేసుకుని, ఏదో బ్యాంకు పని చేసుకుంటూ, జుట్టు నెరిసి, పొట్ట వచ్చి, మామూలు మనిషై బాగానే ఉన్నాడు. ఆ తర్వాత పుట్టిన మా అమ్మాయి స్కూల్లో చేప తిని వచ్చి, ఆ సంగతి తల్లికి అర్థం కాకూడదని నాతో గబగబా జర్మన్‌లో చెబుతుంది. మా ఇంట్లో మాత్రం ఆ కార్తీకం నుంచి ఇవాళ్టి దాకా నీచు వండలేదు. మొక్కుకున్నది వాడికి ఇక్కడ ఉద్యోగం వచ్చేదాకా అని కదా.

పోయిన నెల వీడియో కాల్‌లో వాడే బతిమాలాడు, అక్కా, నాకు నలభై దాటాయి, ఇంక ఆ దేశం నేనెక్కడొస్తాను, హాయిగా పులుసు పెట్టుకు తినండి అని. "నోర్మూసుకో. దేవుడు ఆలస్యం చేస్తాడు గానీ మర్చిపోడు. నా మొక్కులో ఏ లోపమూ లేదురా, ఎప్పటికైనా వస్తుంది" అంది మా ఆవిడ. ఫోనులో వాడు నా కళ్ళలోకి చూశాడు. అక్కడ ఎండలు ఎలా ఉన్నాయని అడిగాను, బాగా ముదిరాయి బావా అన్నాడు.