వెనక గోడ లేని చర్చి

మొన్న జూబ్లీ హిల్స్‌లో మా మేనకోడలు నన్నొక కాఫీ షాపుకు తీసుకెళ్లింది. లోపల నట్టనడుమ ఒక పెద్ద బండరాయిని కొట్టెయ్యకుండా ఉంచి, చుట్టూ దీపాలు పెట్టి, తాకవద్దని చిన్న పలక కూడా తగిలించారు. ఆ రాయిని నేనెరుగుదును. దానిమీద మా పెద్దమ్మ వడియాలు పెట్టేది, అవి లేని రోజుల్లో పెదనాన్న లుంగీలు ఆరేసేది. ఆ సంగతి అక్కడి కుర్రవాడికి చెబుదామనుకున్నాను గానీ, రాయికి ఇప్పుడున్న హోదా చూసి ఊరుకున్నాను.

మీలో నా ఈడువారికి ఆ రోజుల కొండను వర్ణించనక్కర్లేదు: రాళ్లు, సీతాఫలం పొదలు, ఆ చోటు తమదేనని నమ్మే పాములు. రైల్వేలో రిటైరైన మా పెదనాన్న గుంటూరు వైపునుంచి వచ్చి, మోతీనగర్‌లో అద్దెకు దొరికిన చక్కటి ఇల్లు కాదని, ఫిల్మ్ నగర్ పైన ఆ రాళ్ల మధ్య రెండు గదులు, ఒక వరండా వేశారు. నీళ్లు ట్యాంకరు దయ, కరెంటు దేవుడి దయ. ఇక్కడే ఎందుకని అడిగితే, ప్రభువు ప్రార్థనకు కొండే ఎక్కేవారు కదా అనేవారు.

“ఎక్కి, ప్రార్థన చేసుకుని, దిగొచ్చేవారండీ. కాపురం పెట్టలేదు,” అనేది పెద్దమ్మ. వేదాంతంలో ఆమెకు ఎదురులేదు.

డిగ్రీ చదువుతూ నేను వాళ్లింట్లోనే ఉండేవాణ్ణి గనుక పెదనాన్న ప్రార్థనలకు ప్రత్యక్షసాక్షిని. భోజనానికి ముందు కళ్లు మూశారంటే, ట్యాంకరు డ్రైవరు మోకాలినొప్పి మొదలుకొని లోకంలోని ప్రభుత్వాలన్నిటి క్షేమం దాకా విన్నవించి, ఆపైన ఎవరి మనవి వారు చేసుకోవడానికి చాలాసేపు మౌనం పాటించి, అప్పుడు ఆమెన్ అనేవారు. ఆ మాట వచ్చేదాకా ముద్ద ముట్టకూడదు. చల్లారిన ఉప్మా నాకు అక్కడే అలవాటైంది. అన్నిటిలోకీ ఆయన కోరిక ఒక్కటే: ఈ కొండమీద పదిమంది కూడి ఆరాధించే చోటు చూపించాకే నన్ను పిలుచుకో ప్రభువా. పక్కన పెద్దమ్మ పెదవులు కదిలేవి. ఆ చోటు చూపించడానికి తొందరేమీ లేదని ఆమె మనవి. ఒకే చాప మీదినుంచి ఒకే దేవుడికి రెండు అర్జీలు వెళ్తుండేవి.

ఒకసారి మేం ముగ్గురం గుంటూరులో పెళ్లికి వెళ్లి తిరిగొచ్చేసరికి, ఎదుటి గుట్టమీద తెల్లగా ఒక చర్చి నిలబడి ఉంది. గంట గోపురం, శిలువ, రంగు అద్దాల కిటికీలు. పెదనాన్న చేతిలో పెట్టె వదిలేసి అక్కడే మోకరించారు. పెద్దమ్మ ముఖంలో రక్తం లేదు. చోటు చూపించేశాడు, ఇక పిలుపే తరువాయి. ఆమె మాత్రం మోకరించకుండా, గబగబా గుట్టెక్కి, చర్చి చుట్టూ తిరిగొచ్చింది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

“ఏమండీ, దీనికి వెనక గోడ లేదు!”

నిజమే. ముందంతా ప్లైవుడ్డు, ప్లాస్టరు. వెనక సరుగుడు కర్రల ఆసరా. పెదనాన్న నిదానంగా పరిశీలించి, ప్రభువు మొదలుపెట్టారు, తక్కినది మనల్ని కట్టుకోమన్నారు అని తేల్చారు. ఈలోగా సినిమా కంపెనీ మేనేజరు వచ్చాడు.

“పెద్దాయనా, గిది సెట్టు. పెండ్లి సీను ఉన్నది. అయిపోంగనే పీకేస్తం.”

“ఆదివారం దాకా ఉంచుతారా, బాబూ?”

“ఆదివారం ఏం పని?”

“ఆరాధన.”

మేనేజరు ఆయన్నీ చర్చినీ మార్చి మార్చి చూశాడు. “సరే. జర లోపలికి పోకుండ్రి, మీద పడతది,” అన్నాడు. లోపలికి పోవడానికి లోపలంటూ లేదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ ఆదివారం మేం ఇస్త్రీ బట్టలతో, ఆకాశం కింద, ఆ ఒంటి గోడ ముందు కూర్చుని కీర్తన అందుకున్నాం. సెట్టు దగ్గరున్న వడ్రంగులు, లైట్ బాయ్‌లు మొదట నవ్వారు, తర్వాత బీడీలు ఆర్పారు, ఆ తర్వాత కూర్చున్నారు. ఇళ్లలో వెంకన్న పటం ఉన్నవాళ్లే ఎక్కువ. మా ఇంటివైపునుంచి వస్తున్న కోడికూర వాసన కూడా వాళ్లను కొంత ప్రేరేపించి ఉండవచ్చు. మర్నాడు చర్చి లారీ ఎక్కింది. అది మలుపు తిరిగేదాకా పెదనాన్న చూస్తూ నిలబడ్డారు. ముసలి వడ్రంగి ఆయన దగ్గరికి వచ్చాడు.

“మరి వచ్చే ఐతారం యాడ కూసోవాలె, పెద్దాయనా?”

“మా వరండాలో. ఇంకెక్కడ?” అన్నది పెద్దమ్మ. తన అర్జీని తానే కొట్టేసుకున్న సంగతి ఆమెకు అప్పుడు తట్టిందో లేదో.

దేవుడు ఆ విషయంలో ఆమె మాట కూడా కొంత మన్నించాడు. చాలా ఏళ్లు ఆ వరండా నిండుతూనే ఉంది. లైట్ బాయ్‌లకు పెళ్లిళ్లయి పిల్లలతో వచ్చేవారు. నాకు ఉద్యోగం వచ్చి వెంగళరావు నగర్‌లో కాపురం పెట్టినా ఆదివారం భోజనం అక్కడే. అలాంటి ఒక మధ్యాహ్నం, విస్తళ్లలో వడ్డన అయ్యాక, పెదనాన్న అందరి పేర్లూ విన్నవించి మౌనంలోకి వెళ్లారు. మేమంతా కళ్లు మూసుకుని ఆగాం. ఆయన మౌనం ఎంత దూరం సాగుతుందో తెలిసినవాళ్లం గనుక ఎవరికీ అనుమానం రాలేదు. పిల్లలు కదిలారు, తల్లులు గిల్లారు. చివరికి పెద్దమ్మే, “ఏమండీ, పిల్లలు ఆకలిమీదున్నారు,” అంది. తర్వాత ఆయన చేయి పట్టుకు చూసింది. కాసేపు దాన్ని అలాగే పట్టుకుని ఉండి, ఆయన చెప్పాల్సిన ఆమెన్ తనే చెప్పింది.

సమాధుల తోటకు వెళ్లే దారంతా పాడుతూనే వెళ్లాం. సగంమందికి శ్రుతి లేదు, చాలామందిది ఆ మతం కాదు, చరణాలు మాత్రం అందరికీ కంఠతా. వింటే ఆయన చాలా ముచ్చటపడేవారు.

ఇప్పుడా కొండంతా భవనాలే. గేటు లోపల గేటు, బయట కారు, కారులో నిద్రపోయే డ్రైవరు. ప్రార్థనామందిరాలకూ లోటు లేదు. చల్లటి ఏసీ, మెత్తటి కుర్చీలు, చెప్పిన వేళకు వదిలిపెట్టే పాస్టరుగార్లు. నాకు ఫిర్యాదేమీ లేదు, నా నడుముకు ఆ కుర్చీలే హాయి. కానీ ఒక మనిషి కళ్లు మూసుకుంటే, ముందు అన్నం పెట్టుకుని, ఆయన తెరిచేదాకా ఆగిన అంతమందిని మాత్రం ఆ తర్వాత ఎక్కడా ఒకచోట చూడలేదు.